కంప్యూటర్ పెడితే చాలదు.. పద్ధతీ మారాలి

బళ్లారి: పహణి కావాలంటే ఒకప్పుడు ఊరి లెక్కాధికారి ఎక్కడున్నాడో వెతుక్కుంటూ తిరగాల్సిందే. ‘భూమి’ పథకం కింద కర్ణాటక ప్రభుత్వం 67 లక్షల మంది రైతుల రికార్డులు, సుమారు 2 కోట్లు, కంప్యూటర్లకెక్కించింది. 2002 నాటికి 177 తాలూకా కచేరీల్లో రూ.15కే పహణి చేతికందింది.

యంత్రం పెట్టి ఊరుకోలేదు. చేతిరాత పహణి చెల్లదన్నారు. ఖాతా మార్పు అర్జీలకు వరుస పెట్టారు. ముందొచ్చింది తేల్చకుండా వెనకది ముట్టుకునే వీల్లేదు. సిబ్బంది వేలిముద్ర వేస్తేనే కంప్యూటర్ తెరుచుకునేది.

అయినా పాత పుస్తకంలో తప్పు కంప్యూటర్లోనూ తప్పే. పొలం కొలవడం, అభ్యంతరాలు వినడం మనుషుల పనే. పహణి ఉండేది కన్నడంలో. చదవడం రాని మన రైతులు తెలిసినవారితో చదివించుకోవాలి. పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం సరిచూసుకుని, తేడా ఉంటే వెంటనే అర్జీ పెట్టుకోవాలి.