వార్డెన్ సంతకం ఎవరి సమ్మతి?

జూన్‌లో బడులు తెరిచే రోజుల్లో దుమ్ముగూడెంలో భద్రాచలం బస్సు కోసం నిలబడితే ఏటా ఒకటే దృశ్యం. ఒక చేత రేకుపెట్టె, ఇంకో చేత బిడ్డ చెయ్యి పట్టుకొని నిలబడ్డ తండ్రి. కోయ కావచ్చు, మాల కావచ్చు, మాదిగ కావచ్చు. బిడ్డను ఆశ్రమ పాఠశాలలోనో ఎస్సీ హాస్టల్లోనో చేర్పించి, చూపించిన చోట వేలిముద్ర వేసి, సాయంత్రం బస్సుకు ఒక్కడే తిరిగొస్తాడు. ఆ వేలిముద్రతో ఆయన తన బిడ్డ తిండి, బట్ట, చదువు ప్రభుత్వానికి అప్పజెప్పాడు. బిడ్డ ఒంటిని కూడా అప్పజెప్పాడా?

ఈ ప్రశ్న మేము ఊహించి వేస్తున్నది కాదు. 2009లో మా పక్కనే ఇది నిజంగా ఎదురైంది. దానికి జవాబు పార్లమెంటులోనూ సుప్రీంకోర్టులోనూ వెతకాల్సొచ్చింది. ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. హాస్టళ్లు ఉన్నయి, పిల్లలున్నారు, కాగితాలు పట్టుకొచ్చేవాళ్లూ ఉన్నారు. ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టాలో మాత్రం మన టీచర్లకు, విద్యార్థులకు ఇప్పటికీ స్పష్టంగా చెప్పినవాళ్లు తక్కువ.

జరిగింది ఏమిటి?

గర్భాశయ ముఖద్వార కేన్సర్‌కు ప్రధాన కారణం హెచ్‌పీవీ అనే వైరస్. దాన్ని అడ్డుకునే రెండు టీకాలు, గార్డాసిల్, సెర్వారిక్స్, 2008లో మన దేశంలో అమ్మకానికి అనుమతి పొందాయి. 2009 జూలైలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో ఒక ‘ప్రదర్శన ప్రాజెక్టు’ మొదలైంది. నడిపింది పాథ్ అనే అమెరికా సంస్థ. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం అందులో భాగస్వాములు. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. టీకాను కంపెనీలు ఉచితంగా ఇచ్చాయి. ఇక్కడ వేసింది మెర్క్ కంపెనీ గార్డాసిల్. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో గ్లాక్సో కంపెనీ సెర్వారిక్స్ వేశారు.

ఖమ్మం జిల్లాలో మూడు మండలాలు ఎంచుకున్నారు. పట్టణానికి కొత్తగూడెం, పల్లెకు తిరుమలాయపాలెం, గిరిజన ప్రాంతానికి భద్రాచలం. 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి మూడు మోతాదుల పద్ధతిన టీకా వేశారు. భద్రాచలం మండలంలో పిల్లలు ఎక్కువగా దొరికే చోటు ఏది? హాస్టళ్లు, ఆశ్రమ పాఠశాలలు. దుమ్ముగూడెం, చర్ల లాంటి మండలాల పిల్లలు చదువుకోవడానికి చేరేదీ అక్కడికే.

2010 మార్చిలో ఢిల్లీకి చెందిన సమా అనే మహిళా సంస్థ వాళ్లు భద్రాచలం వచ్చి పిల్లలతో, తల్లిదండ్రులతో మాట్లాడారు. తల్లిదండ్రులకు తెలియకుండా హాస్టల్ పిల్లలకు టీకా వేశారని బయటపెట్టారు. టీకా వేయించుకున్న పిల్లల్లో ఖమ్మం జిల్లాలో అయిదుగురు, గుజరాత్‌లో ఇద్దరు చనిపోయారన్న విషయం దేశమంతా తెలిసింది. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును ఆపేసింది. ఒక విచారణ సంఘం వేసింది. తర్వాత ఆరోగ్య శాఖకు చెందిన పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని పరిశీలించి, 2013 ఆగస్టు 30న తన 72వ నివేదిక ఇచ్చింది.

కాగితాలు చెప్పిన సంగతి

ఆ నివేదికలో ఉన్న లెక్క ఒక్కటి చూస్తే చాలు. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు ఉన్నాయి. 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు.

2,763 అనే అంకె దగ్గర కాస్త ఆగండి. అన్ని కాగితాల వెనక ఒక్కో పిల్ల ఉంది. ఆ పిల్లలకు ఊళ్లో తల్లో, తండ్రో, అవ్వో, తాతో ఉండే ఉంటారు. వాళ్లను అడగాలంటే వాగులు దాటి పోవాలి. జూలైలో మా వైపు వాగులు పొంగుతయి, నిజమే. అయితే ఎన్నికలప్పుడు ఆ ఊళ్లకే పెట్టెలు మోసుకొని వస్తారు గదా. ఓటు కోసం దాటగలిగిన వాగు సమ్మతి కోసం దాటలేరా? పైగా టీకా జ్వరంలాగా రాత్రికి రాత్రి ముంచుకొచ్చే పని కాదు. దసరాకు పిల్లలు ఇంటికి పోయేదాకా, లేదా తల్లిదండ్రులు బిడ్డను చూడ్డానికి వచ్చే ఆదివారం దాకా ఆగితే కొంప మునిగేదేమీ లేదు.

వేలిముద్రల కథ కూడా అంతే. చదువురాని తల్లి వేలిముద్ర వేయడంలో తప్పు లేదు. కానీ చదువురానివాళ్ల దగ్గర సమ్మతి తీసుకునేటప్పుడు, మొదటినుంచి చివరిదాకా పక్కనుండి, చెప్పింది నిజంగా చెప్పారో లేదో చూసి సంతకం చేసే తటస్థ సాక్షి ఉండాలని మందుల పరీక్షల నిబంధనలు (అప్పటి షెడ్యూల్ వై) అప్పుడే చెప్పాయి. పార్లమెంటరీ సంఘం ముందుకొచ్చిన పత్రాల్లో సాక్షి సంతకాలు లేనివి, తేదీలు లేనివి ఉన్నాయి. ఇంట్లో కోయ మాట్లాడే తల్లికి తెలుగు కాగితం చదివి వినిపించినా సగమే చెప్పినట్టు. ఆమె భాషలో చెప్పి, ఆమె అడిగిందానికి జవాబు చెబితేనే ఆ వేలిముద్రకు విలువ.

వార్డెన్ ఎంతవరకు గార్డియన్?

ఇక్కడ వార్డెన్లను, హెడ్మాస్టర్లను దొంగలుగా నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. వాళ్లలో చాలామంది మనవాళ్లే. పైనుంచి ఉత్తర్వు వస్తే ఎదురు ప్రశ్న వేయగల స్థితిలో వాళ్లు లేరు. అందుకే హద్దు ఎక్కడుందో తెలియాలి.

రాత్రి పూట పిల్లకు పాము కరిచింది. తండ్రికి కబురు పెట్టే టైం లేదు. వార్డెన్ ఆసుపత్రికి తీసుకుపోవాలి, డాక్టరు వైద్యం చేయాలి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు, సమ్మతి తీసుకునే వీలు లేనప్పుడు మంచి మనసుతో చేసిన పని నేరం కాదని ఐపీసీ 92వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1 నుంచి అదే భారతీయ న్యాయ సంహితలో 30వ సెక్షన్. ఇది ఒక రకం.

ప్రభుత్వం ఊరంతా వేసే మామూలు టీకా రెండో రకం. ఇక్కడ తల్లిదండ్రులకు ముందే తెలియజేయాలి, వద్దనే అవకాశం ఇవ్వాలి.

పరిశోధన మూడో రకం. పిల్ల నుంచి సమాచారం సేకరించి, దానితో ఒక ప్రశ్నకు జవాబు వెతికే పని ఇది. ఇక్కడ నిబంధన గట్టిది. మైనరు విషయంలో తల్లిదండ్రులు గానీ చట్టబద్ధ సంరక్షకులు గానీ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అది చాలదు. విషయం అర్థం చేసుకోగల వయసున్న పిల్లల ఒప్పుదల కూడా విడిగా తీసుకోవాలి. పన్నెండేళ్ల పిల్లను ‘నీకు ఇష్టమేనా’ అని అడగాలని చట్టమే చెబుతున్నది. అన్నం పెట్టే అధికారం ఉన్నంత మాత్రాన ఈ ప్రశ్నకు ఆ పిల్ల తరఫున వార్డెన్ జవాబు చెప్పలేడు.

మేమూ హాస్టల్లో చదివినవాళ్లమే. ఆ హాస్టల్ పేరు ఇక్కడ అనవసరం. ఒకరోజు వరసలో నిలబెట్టి వేలు గుచ్చి రక్తం తీశారు. ఎందుకని మేము అడగలేదు, ఎవరూ చెప్పలేదు. మలేరియా పరీక్షే అయ్యుంటుంది, మంచికే అయ్యుంటుంది. కానీ అడగకూడదని ఆ వరసే మాకు నేర్పింది. వెలివాడలో పుట్టిన పిల్లకు హాస్టల్ మొదటి మెట్టు. ఆ మెట్టు మీదనే ‘నోర్మూసుకొని చెయ్యి చాపు’ అని నేర్పితే, యూనివర్సిటీ దాకా వచ్చినా చెయ్యి చాపడమే అలవాటవుతుంది.

‘ట్రయల్ కాదు’ అంటే ఏం పోతుంది?

పాథ్ వాదన ఇది: టీకాకు లైసెన్సు ఉంది, కాబట్టి ఇది క్లినికల్ ట్రయల్ కాదు, టీకాను జనానికి ఎలా చేర్చాలో చూసే పరిశీలన మాత్రమే. పార్లమెంటరీ సంఘం ఒప్పుకోలేదు. ఇది క్లినికల్ ట్రయలేననీ, నిబంధనలు తుంగలో తొక్కారనీ తేల్చింది. ఐసీఎంఆర్‌ను, మందుల నియంత్రణ వ్యవస్థను కూడా తప్పుపట్టింది.

పేరు ఏదైతేనేం అనుకోవద్దు. హక్కులన్నీ పేరును పట్టుకొనే ఉంటాయి. ట్రయల్ అంటే బీమా ఉండాలి. తీవ్రమైన దుష్ఫలితం కనబడితే వెంటనే రిపోర్టు చేయాలి. నిపుణుల వైద్యం సిద్ధంగా ఉంచాలి. హాని జరిగితే పరిహారం ఇవ్వాలి. ‘ప్రదర్శన’ అన్నారంటే ఇవన్నీ ఎగిరిపోతాయి. ప్రచార సామగ్రి మీద జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ గుర్తు కనబడేసరికి, ఇది ఎప్పటిలాగే సర్కారు టీకా అని ఊళ్లో అనుకున్నారు.

చావుల మాట

ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. ఆ ఏడు మరణాలకు టీకా కారణమని తేలలేదు. విచారణ సంఘం ఒక్కో చావుకు ఒక్కో కారణం చూపింది: నీళ్లలో పడటం, పురుగుమందు, జ్వరం, పాముకాటు లాంటివి. టీకాతో సంబంధం లేకపోవచ్చని చెప్పింది. పార్లమెంటరీ సంఘం అభ్యంతరం వేరే చోట ఉంది. చావుల మీద లోతైన దర్యాప్తు చేయకుండానే తేల్చేశారని, దుష్ఫలితాలను కనిపెట్టే ఏర్పాటే సరిగా లేదని అన్నది. మా బాధా అదే. ‘టీకా చంపింది’ అని మేము అనం. ‘టీకాకు సంబంధం లేదు’ అని ఆ తల్లికి నమ్మకంగా చెప్పగలిగే ఏర్పాటు ఎందుకు లేదని అడుగుతున్నాం. అది ఉంటే ఆమెకు నిజం దక్కేది, టీకాకు మచ్చా తప్పేది.

టీకా మన శత్రువు కాదు. గర్భాశయ ముఖద్వార కేన్సర్‌తో పోయేది ఎక్కువగా పరీక్షకు, వైద్యానికి నోచుకోని పేద ఆడవాళ్లే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ టీకాను సిఫారసు చేసింది. 2020లో ఈ కేన్సర్‌ను నిర్మూలించే వ్యూహం ప్రకటించింది. అనేక దేశాల్లో కోట్ల మంది వేయించుకున్నారు, సురక్షితమని తేలింది. మన దేశంలోనే తయారైన సెర్వావాక్ 2023లో వచ్చింది. 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్‌లో 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని కేంద్రం చెప్పింది. మన ఆడపిల్లలకు ఇది అందాలి. కానీ 2009లో అడగకుండా పొడిచిన సూది, ఊళ్లలో భయాన్ని మిగిల్చింది. సమ్మతిని దాటేస్తే పని త్వరగా అవుతుందనుకున్నారు. చివరికి మంచి మందుకే అనుమానం అంటుకున్నది.

మనమెందుకు ఎప్పుడూ వరసలో ముందు?

అమెరికాలో టస్కిగీలో 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ ఉన్న నల్లజాతి పేదలను, పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా, వైద్యం చేయకుండా గమనిస్తూ కూర్చున్నారు. 2011లో మన పిడుగురాళ్ల ప్రాంతం నుంచి పేద ఆడవాళ్లను డబ్బు ఆశ చూపి హైదరాబాద్‌లో మందుల పరీక్షలకు తీసుకుపోయిన సంగతి బయటపడింది. మూడు చోట్లా జరిగింది ఒకటి కాదు. కానీ మూడు చోట్లా ఎంచుకున్నది అడిగే అలవాటు లేనివాళ్లను. ‘భద్రాచలం సంగతి ఆదివాసీలది, మనకెందుకు’ అనే మాట మన సభల్లోనూ వినబడింది. ఎస్సీ హాస్టల్ గేటు ఆశ్రమ పాఠశాల గేటుకన్నా ఎత్తుగా ఏమీ లేదు.

పోరాడితే కొంత మారింది. మహిళా, ఆరోగ్య సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. ఆ కేసులో, కల్పనా మెహతా కేసుగా ప్రసిద్ధం, 2018 మే 9న రాజ్యాంగ ధర్మాసనం పార్లమెంటరీ సంఘాల నివేదికలను కోర్టులు చూడవచ్చునని, అయితే వాటి చెల్లుబాటును కోర్టులో సవాలు చేయడం కుదరదని చెప్పింది. 2019 మార్చిలో కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు వచ్చాయి. తీవ్ర దుష్ఫలితాన్ని 24 గంటల్లో తెలియజేయాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి. మందుల ట్రయల్ కాని ఆరోగ్య పరిశోధనకు కూడా రిజిస్టరైన నైతిక సంఘం అనుమతి ఉండాలి. అంటే ‘ఇది ట్రయల్ కాదు’ అనే తలుపు కొంత మూసుకుంది.

నియమం ఢిల్లీలో ఉంటుంది, కాగితం హాస్టల్‌కు వస్తుంది. అది వచ్చిన రోజు టీచరు, వార్డెన్, పెద్ద తరగతి విద్యార్థి అడగాల్సినవి ఇవి. ఇది వైద్యమా, ప్రభుత్వ టీకానా, పరిశోధనా? నైతిక సంఘం అనుమతి కాగితం ఏది? తల్లిదండ్రులకు ఎవరు, ఏ భాషలో చెప్పారు? పిల్లను అడిగారా? వద్దంటే చదువుకు, తిండికి ఇబ్బంది లేదని చెప్పారా? ఏమైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలి, ఖర్చు ఎవరిది? జవాబు వచ్చేదాకా సంతకం పెట్టకుండా ఉండే హక్కు వార్డెన్‌కు ఉంది. ఆ హక్కు వాడుకున్న వార్డెన్ వెనక నిలబడటం మన సంఘాల పని.

దుమ్ముగూడెంలో బస్సెక్కే ఆ తండ్రి చదువు కోసం వేలిముద్ర వేశాడు. అంతకు మించి కావాలంటే మళ్లీ ఆయన దగ్గరికి రావాలి, వాగు దాటి అయినా సరే.