థాడియస్ స్టీవెన్సు: బీదల బడికై వాదించిన న్యాయవాది

అమెరికాలో బానిసత్వ నిర్మూలనమనగానే లింకను మహాశయుని నామము మనకు స్ఫురించును. ఆ కాలముననే శాసనసభలలో పోరాడిన థాడియస్ స్టీవెన్సును గూర్చి మన విద్యార్థులకు కొంత తెలుపనెంచితిమి.

ఆయన 1792వ సంవత్సరమున వెర్మాంటు రాష్ట్రమందలి డాన్‌విల్ గ్రామమున జన్మించెను. పుట్టుకతోనే ఒక పాదము వంకర. తండ్రి కుటుంబమును విడిచిపోయెను. తల్లి నలుగురు కుమారులను కష్టించి పెంచి, వారి చదువుకొఱకు మంచి పాఠశాల గల పీచమ్ గ్రామమునకు కాపురము మార్చెను. స్టీవెన్సు 1814లో డార్ట్‌మత్ కళాశాలయందు పట్టము పొంది, 1816 నుండి పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గున న్యాయవాదియై పేరుగాంచెను. 1821లో ఒక యజమాని పక్షమున వాదించి, నల్లజాతి స్త్రీయొకతె బిడ్డలతోకూడ బానిసగనే యుండునట్లు గెలిచిన వ్యాజ్యము ఆయన జీవితమునకు మచ్చయే. పిమ్మట ఆయన బానిసత్వమునకు బద్ధవిరోధి యయ్యెను.

ఆ రోజులలో పెన్సిల్వేనియాయందు బీదవాని బిడ్డ ఉచితముగా చదువవలెనన్న, తండ్రి తాను దరిద్రుడనని ఒప్పుకొనవలసియుండెను. ఆ యవమానమునకు జంకి పలువురు బిడ్డలను బడికే పంపరైరి. 1834లో పన్నుల ధనముతో అందఱి పిల్లలకును బడులేర్పఱచు శాసనము పుట్టెను. పన్ను చెల్లింపనొల్లనివారు గగ్గోలు చేయగా, 1835లో ఎగువసభ దాని రద్దునకు సమ్మతించెను. అప్పుడు దిగువసభలో స్టీవెన్సు లేచి నిలిచెను. తన్నెన్నుకొన్నవారిలోనే పలువురు ఆ శాసనమునకు విరోధులని యెఱిగియు ఆయన వెనుదీయలేదు. నేరమెఱుగని వాడును చెఱసాల ఖర్చు భరించుచుండగా, నేరములనే తగ్గించు బడికేల చెల్లింపరాదని వాదించెను. సభవారి మనసు మాఱెను, శాసనము నిలిచెను.

తరువాత లాంకాస్టరు పట్టణమునుండి జాతీయ కాంగ్రెసునకు ఎన్నికై, 1865లో బానిసత్వమును రద్దుచేసిన 13వ సవరణకును, 1868లో అమలునకు వచ్చి పౌరులకెల్ల చట్టపు సమరక్షణ నొసగిన 14వ సవరణకును పాటుపడెను. విముక్తులకు తలకు 40 ఎకరముల భూమి నిప్పింపవలెనన్న ఆయన యత్నము మాత్రము నెఱవేఱలేదు.

1868 ఆగస్టు 11న ఆయన గతించెను. జాతిభేదము పాటించు శ్మశానములను కాదని, అన్ని జాతులవారిని చేర్చుకొను చిన్న శ్మశానమునే తన సమాధికి ఎన్నుకొనియుండెను. ఆయన మరణశాసనపు ధనము ఆధారముగా 1905లో లాంకాస్టరున అనాథబాలురకు వృత్తివిద్యాలయము వెలసెను; అది నేడు కళాశాలయై నడచుచున్నది.

విద్యార్థులారా! బీదవాని చదువు భిక్ష కాదు, హక్కు. దానిని నిలుపుటకై ఒకడు తన పదవినే పణముగా నొడ్డెనని మఱువకుడు.