మీకు తెలుసా? ఊహ ఎక్కడ పుడుతుంది
తెల్లాపూర్‌లో ఎంఎంటీఎస్ ఎక్కి, ఫోన్ జేబులో పెట్టేసి ఊరికే కిటికీలోంచి చూస్తున్నారనుకోండి. మెదడు ఖాళీగా ఉండదు. జ్ఞాపకాల్ని కలిపి ఊహలల్లే ‘డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్’ అప్పుడే జోరందుకుంటుంది. ఇందులో ‘డిఫాల్ట్ మోడ్’ అన్న మాటను 2001లో నాడీ శాస్త్రవేత్త మార్కస్ రైకిల్ బృందం వాడుకలోకి తెచ్చింది. ఊహ ఒక్కటే చాలదు. పనికిరానిదాన్ని ఏరిపారేసే నియంత్రణ వ్యవస్థ వేరే ఉంది. మామూలుగా ఒకటి పుంజుకుంటే రెండోది తగ్గుతుంది. 2018లో వెలువడిన ఓ అధ్యయనంలో 163 మందిని స్కాన్ చేస్తే, సృజన ఎక్కువున్నవారిలో ఈ రెండింటి మధ్యా అనుబంధం గట్టిగా కనిపించింది. మన అష్టావధాని చేసేదీ బహుశా ఈ రెండింటినీ కలిపి నడపడమే: నిషేధాక్షరిలో పృచ్ఛకుడు ఓ అక్షరం వద్దనగానే, ఛందస్సు చెడకుండా మరో మాట పట్టాలి, మధ్యలో మోగే గంటలూ లెక్కపెట్టాలి! సృజన గురించి తరచూ వినిపించే ‘కళ కుడి మెదడుది, లెక్క ఎడమది’ అన్న మాట మాత్రం ఉత్త కట్టుకథ.