సూర్యుడు అరగంటే కనిపించే లోయ

ముందుగా ఒక చిన్న లెక్క. 685 మీటర్ల ఎత్తు నుంచి ఒక రాయిని జారవిడిస్తే అది నేలను తాకడానికి ఎన్ని సెకన్లు పడుతుంది? గాలి నిరోధాన్ని వదిలేయండి. గురుత్వ త్వరణం 9.8 అని తీసుకుని, మీ పుస్తకంలోని సూత్రంతో చేసి చూడండి. దాదాపు 12 సెకన్లు వస్తుంది. ఇప్పుడు కళ్ళు మూసుకుని నిదానంగా పన్నెండు దాకా లెక్కపెట్టండి. అంతసేపూ ఆ రాయి పడుతూనే ఉంటుందన్నమాట!

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, బ్లాక్ కాన్యన్ ఆఫ్ ది గన్నిసన్ అనే జాతీయ పార్కులో, ఇనుప కమ్మీలు గట్టిగా పట్టుకుని లోయలోకి తొంగి చూస్తున్నప్పుడు నాకీ లెక్క తట్టింది. ఎదురుగా నిలువునా లేచిన ఆ రాతి గోడ ఎత్తే 685 మీటర్లు. రాయి వేసి చూశారా మాస్టారూ అని అడుగుతారేమో! వేయలేదు. అక్కడ అది నిషేధం. కింద చేపలు పట్టేవారో, గోడ ఎక్కేవారో ఉండవచ్చు.

లోతైన లోయలు లోకంలో చాలా ఉన్నాయి. ఇక్కడి వింత లోతు కాదు, ఇరుకు. ఒకచోట రెండు అంచుల మధ్య దూరం సుమారు 335 మీటర్లయితే, లోతు 555 మీటర్లు. అంటే వెడల్పు కంటే లోతే ఎక్కువ! అడుగున గన్నిసన్ నది ఒకచోట 12 మీటర్ల సందులో దూరి పోతుంది. కొన్నిచోట్ల రోజుకు 33 నిమిషాలు మాత్రమే ఎండ తగులుతుందట. నల్ల లోయ అన్న పేరు ఆ చీకటి వల్లే వచ్చింది.

ఇంత ఇరుకు ఎందుకు? గండికోటలో పెన్నా నది ఎర్రమల కొండలను కోసిన చోటు చూసినవారికి సగం జవాబు తెలిసే ఉంటుంది. రాయి గట్టిది కావాలి. ఇక్కడి నైస్, షిస్ట్ అనే రూపాంతర శిలల వయసు సుమారు 170 కోట్ల సంవత్సరాలు. వాటి పగుళ్ళలోకి కరిగిన శిలాద్రవం చొరబడి చల్లారింది. ఎదుటి గోడ మీద ఎవరో కుంచెతో గీసినట్టు కనిపించే గులాబి చారలు అవే.

మరి అంత గట్టి రాతినే నది ఎందుకు ఎంచుకుంది? ఎంచుకోలేదు, చిక్కుకుంది. ఒకప్పుడు ఆ ప్రాంతాన్ని అగ్నిపర్వతాల నుంచి వెలువడిన మెత్తని రాయి కప్పి ఉండేది. నది దానిలో దారి చేసుకుంది. దిగుతూ దిగుతూ అడుగునున్న గట్టి శిలను తాకేసరికి పక్కకు తిరిగే వీలు లేకపోయింది. ఇక కిందికి కోసుకుపోవడమే గతి.

పైగా వాలు ఎక్కువ. పార్కులో నది కిలోమీటరుకు సగటున 18 మీటర్లు దిగుతుంది. ప్రసిద్ధమైన గ్రాండ్ కాన్యన్‌లో కొలరాడో నది దిగేది కిలోమీటరుకు ఒకటిన్నర మీటరు లోపే. వాలు పెరిగితే వేగం, వేగం పెరిగితే బండలను దొర్లించే శక్తీ పెరుగుతాయి. రాతిని అరగదీసేది వట్టి నీరు కాదు, అది దొర్లించుకుపోయే రాళ్ళూ ఇసుకా. గట్టి రాయి కనుక పక్క గోడలు త్వరగా కూలవు. అందుకే లోయ వెడల్పు కాలేదు. సుమారు 20 లక్షల ఏళ్ళలో, అత్యధికంగా 829 మీటర్ల లోతు! భాగహారం చేస్తే ఏడాదికి అర మిల్లీమీటరు కూడా రాదు.

అంచు నుంచి నది దాకా వేసిన బాట లేదు. అనుమతి తీసుకుని దిగవచ్చు. అందరూ ఎక్కువగా దిగే దారిలోనే ఒకచోట 80 అడుగుల గొలుసు పట్టుకుని దిగాలి. నా మోకాళ్ళు ఒప్పుకోలేదు.

1900లో ఐదుగురు చెక్క పడవలతో ఈ లోయను దాటబోయి, కొన్ని వారాలు అవస్థపడి వెనుదిరిగారు. వారిలో ఒకడైన విలియం టారెన్స్ మరుసటి ఏడాది ఇంజనీరు అబ్రహాం లింకన్ ఫెలోస్‌తో కలిసి మళ్ళీ వచ్చాడు. ఈసారి పడవ లేదు, గాలి నింపిన రబ్బరు పరుపు! దానిని పట్టుకుని ఈదుతూ, బండలు పాకుతూ తొమ్మిది రోజుల్లో 33 మైళ్ళు దాటారు. ఇది సరదా సాహసం కాదు. పక్కనున్న అంకంపాగ్రే లోయలోని రైతులకు నీరు చాలేది కాదు. కొండను తొలిచి గన్నిసన్ నీటిని అటు మళ్ళించవచ్చా అని చూడడానికే ఆ ప్రయాణం. సుమారు 9 కిలోమీటర్ల సొరంగం 1909లో తెరుచుకుంది. పొలాలు పండాయి.

తరువాత 1960లు, 70లలో ఎగువన మూడు ఆనకట్టలు లేచాయి. మంచు కరిగి వచ్చే పెద్ద వరదలు తగ్గాయి. బండలను దొర్లించేది ఆ వరదలే కదా! ఇప్పుడు లోయ అడుగున ఇసుక, పొదలు పేరుకోసాగాయి. నీరు రైతుదా, నదిదా? ఏళ్ళ తరబడి వాదనలు సాగాక, 2008లో కోర్టు పార్కుకూ నీటి హక్కు ఉందని ఖాయం చేసింది. దాని ప్రకారం ఆ ఏడాది నీటి లభ్యతను బట్టి వసంతకాలంలో ఒకసారి నదికి పెద్ద ప్రవాహం అందాలి. ఆనకట్టల నుంచి ఆ నీరు వదిలినప్పుడు నది మళ్ళీ తన పాత పనిలోకి దిగుతుంది.