తూము తెరిచే చెయ్యి, మూసే చెయ్యి

పిల్లలూ, మన కె.సి. కాలువ మీకు తెలిసిందే. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు అందుకొని, కర్నూలు, నంద్యాల దాటి కడప దాకా పోతుంది. వాన తక్కువైన ఈ సీమలో దాని కింద పండే ప్రతి మడికీ తూమే ప్రాణం. లస్కరు సమయానికి తూము తెరవాలి, సమయానికి మూయాలి. మూయకుంటే పైమడి మురుగుతుంది, కిందిమడి ఎండుతుంది. మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఇట్లాంటి తూములు ఉన్నాయి. వాటిని మూసే చేతుల గురించి ఈ పూట చెప్పుకుందాం.

కణంలో దాదాపు ప్రతి పనీ ప్రోటీన్లదే. చాలా ప్రోటీన్లకు ‘ఇక పని మొదలుపెట్టు’ అని చెప్పే గుర్తు ఫాస్ఫేటు, అంటే భాస్వరం, ఆక్సిజన్ కలిసిన చిన్న తునక. దాన్ని తెచ్చి ప్రోటీన్‌కు అంటించే ఎంజైము పేరు కైనేజు. ఊడదీసేది ఫాస్ఫటేజు. ప్రోటీన్‌లో టైరోసిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. దాని మీద అంటిన ఫాస్ఫేటును ఊడదీసేవే ప్రోటీన్ టైరోసిన్ ఫాస్ఫటేజులు. మనిషి జన్యువుల్లో ఈ కుటుంబానివి 100కు పైగా ఉన్నాయి.

ఫాస్ఫేటు కథలో మన తెలుగువాడి పాత్ర పెద్దది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫేటును కొలిచే పద్ధతి ప్రకటించాడు. నీలిరంగు ఎంత చిక్కగా వస్తే ఫాస్ఫేటు అంత ఉన్నట్టు. కైనేజు ఫాస్ఫేటు తెచ్చేది ఏటీపీ అనే అణువు నుంచి. కండరంలో ఆ ఏటీపీని 1929లో గుర్తించినవాళ్లలోనూ ఆయన ఒకరు.

టైరోసిన్ మీద కూడా ఫాస్ఫేటు అంటుతుందని 1979లో అమెరికాలో టోనీ హంటర్ కనిపెట్టాడు. ఆయన అప్పుడు క్యాన్సర్ తెచ్చే వైరసుల ప్రోటీన్లను పరీక్షిస్తున్నాడు. దాంతో చాలామంది శాస్త్రవేత్తలు కైనేజుల వెంట పడ్డారు. ఊడదీసే ఎంజైములను పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఆ కొద్దిమందిలో ఘనశ్యామ్ స్వరూప్ ఒకరు. వనాడేటు అనే వనాడియం లవణం ఈ ఫాస్ఫటేజులను ఆపేస్తుందని ఆయన స్టాన్లీ కోహెన్, డేవిడ్ గార్బర్స్‌లతో కలిసి 1982లో చూపించాడు. ప్రయోగశాలల్లో టైరోసిన్ మీది ఫాస్ఫేటు ఊడిపోకుండా కాపాడుకోవాలంటే ఇప్పటికీ వనాడేటే కలుపుతారు. తర్వాత ఆయన హైదరాబాదులోని సీసీఎంబీ అనే పరిశోధనాకేంద్రంలో పనిచేశాడు. ఎలుక కణాల్లో, కణకేంద్రకంలో పనిచేసే పీటీపీ-ఎస్ అనే ఫాస్ఫటేజును ఆయన బృందం 1991లో వెలికి తీసింది. ఈలోగా 1988లో సియాటిల్‌లో నికోలస్ టాంక్స్, ఎడ్మండ్ ఫిషర్ బృందం మనిషి మాయ నుంచి పీటీపీ-1బీ అనే ఫాస్ఫటేజును శుద్ధి చేసి తీసింది.

ఈ పీటీపీ-1బీ సంగతి మన ఇళ్లకు దగ్గరిది. మీ జేజి పొద్దున్నే షుగరు మాత్ర మింగడం చూస్తూనే ఉంటారు కదా. అన్నం తిన్నాక ఇన్సులిన్ వచ్చి కణం పైనున్న గ్రాహకానికి తగులుకుంటుంది. గ్రాహకం తన టైరోసిన్ల మీద తానే ఫాస్ఫేట్లు అంటించుకుంటుంది. ఆ సంకేతం లోపలికి పోతే కండరం రక్తంలోని చక్కెరను లాక్కుంటుంది. పీటీపీ-1బీ వచ్చి ఆ ఫాస్ఫేట్లను ఊడదీస్తే సంకేతం ఆగిపోతుంది. ఆగడం అవసరమే. కానీ దాని జోరు ఎక్కువైతే ఇన్సులిన్ ఉన్నా పని సరిగా జరగదు. 1999లో ఈ ఎంజైము లేని ఎలుకలను పెంచి చూశారు. కొవ్వు బాగా ఉన్న తిండి పెట్టినా అవి ఒళ్లు చేయలేదు, ఇన్సులిన్‌కు చక్కగా స్పందించాయి.

అయితే ఫాస్ఫటేజులన్నీ ఆపేవే అనుకోకండి. తెల్లరక్తకణాల మీదుండే సీడీ45, ఒక కైనేజుకు అడ్డుపడే ఫాస్ఫేటును ఊడదీసి దాన్ని పనికి సిద్ధం చేస్తుంది. ఎస్‌హెచ్‌పీ-2 కూడా కణం పెరగమనే సంకేతాన్ని ముందుకే నడుపుతుంది. దాని జన్యువులో మార్పు వచ్చి అది అతిగా పనిచేస్తే నూనన్ సిండ్రోమ్ రావచ్చని 2001లో తేలింది. అట్లాంటి పిల్లల్లో చాలామంది పొట్టిగా ఉంటారు, కొందరికి గుండె కవాటం ఇరుగ్గా ఉంటుంది. అదే జన్యువులో ఇంకొన్ని మార్పులు పసిపిల్లల్లో ఒక రకం రక్తక్యాన్సర్‌కు దారితీస్తాయి. ప్లేగు సూక్ష్మజీవి కూడా ఈ విద్య నేర్చింది. తన సొంత టైరోసిన్ ఫాస్ఫటేజును మన రక్షణ కణాల్లోకి ఎక్కించి, అవి తనను మింగకుండా చేస్తుంది.

మరి పీటీపీ-1బీని అడ్డుకునే మందు ఎందుకు రాలేదంటారా? టైరోసిన్ ఫాస్ఫటేజులన్నింటికీ పనిచేసే చోటు దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. ఒకదానికి వేసిన మందు దాని దాయాదికీ తగులుతుంది. పీటీపీ-1బీకి అతి దగ్గరి దాయాది, స్వరూప్ గారి బృందం ఎలుకలో చూసిన ఆ పీటీపీ-ఎస్ రకమే. అది పూర్తిగా లేని ఎలుక పిల్లలు పుట్టిన కొన్ని వారాలకే చనిపోయాయి. వనాడియం లవణాలు ఎలుకల్లో చక్కెర తగ్గించిన మాట నిజమే. కానీ అవి ఒంటికి విషం.

కాబట్టి ఎవరైనా వనాడియం మాత్రలు మింగితే షుగరు పోతుందంటే నమ్మకండి. ఇవాళ మన చేతిలో ఉన్న ఉపాయాలు వేరు. కండరం కష్టపడేటప్పుడు ఇన్సులిన్ సంకేతం సరిగా అందకపోయినా చక్కెరను లాక్కోగలదు. అందుకే జేజి మాత్ర మానకుండా చూడండి, సాయంకాలం ఆమె చెయ్యి పట్టుకొని నడిపించండి.