వేట మాంసం – దూర ప్రయాణం – మన బాధ్యత

ఈ శీర్షిక పాఠకులలో కొందరికి వింతగా తోచవచ్చు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత మన దేశంలో అడవి జంతువుల వేట దాదాపు పూర్తిగా నిషిద్ధం. ఆ చట్టాన్ని పాటించడం మన విధి. అయితే మన ప్రాంతం నుండి వెళ్లి అమెరికాలో స్థిరపడిన కుటుంబాలు అనేకం ఉన్నాయి. అక్కడ లైసెన్సు తీసుకొని, నిర్ణీత కాలంలో, నిర్ణీత సంఖ్యలో జింకలను వేటాడటం చట్టసమ్మతమే.

డల్లాస్‌లో ఉండే మా మేనల్లుడు స్నేహితులతో కలిసి వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, కొలరాడో కొండలలో ఎల్క్ వేటకు వెళ్లాడు. ఎల్క్ అంటే మన కణుజును పోలిన, అంతకంటే పెద్దదైన జింక. వేట ఫలించింది. కాని ఇంటికి చేరి పెట్టెలు తెరిస్తే సగం మాంసం వాసన కొట్టింది. అతడు నాకు ఇలా వ్రాశాడు: "మామూ! పారేసిన ఆ మాంసానికి నేను అల్లాహ్ ముందు జవాబు చెప్పుకోవాలా? వచ్చేసారి తక్కువ ఖర్చుతో సరిగ్గా తెచ్చుకునే దారి ఏమిటి?"

ఇవి రెండు ప్రశ్నలుగా కనిపించినా, నిజానికి ఒకదానికొకటి ముడిపడినవి. అందుచేత జవాబును ఇక్కడ కాస్త వివరంగా వ్రాస్తున్నాను.

ధర్మం చూపిన దారి

వేటను షరీఅత్ అనుమతించింది. ఇహ్రామ్ స్థితిలో ఉన్నవారికి మాత్రం భూచర జంతువుల వేట నిషిద్ధమని ఖుర్ఆన్‌లోని మాయిదా సూరా తెలుపుతోంది. కాని అనుమతి ఆహారం కోసమే గాని వినోదానికి ప్రాణం తీయడానికి కాదు. కనుక చంపిన జంతువు మాంసాన్ని కాపాడుకోవడం కూడా వేటలో ఒక భాగమే. తుపాకి పేలడంతో బాధ్యత ముగియదు, అక్కడే మొదలవుతుంది.

దూరం నుండి మాంసం తీసుకురావడం మన చరిత్రలో కొత్త విషయం కాదు. హిజ్రీ 8వ సంవత్సరంలో హజ్రత్ అబూ ఉబైదా (రజి) నాయకత్వాన సుమారు 300 మంది సహాబాలు సముద్రతీరానికి వెళ్లారు. తెచ్చుకున్న ఖర్జూరాలు అయిపోగా చెట్ల ఆకులు తిని గడిపారు. అప్పుడు సముద్రం ఒక బ్రహ్మాండమైన చేపను ఒడ్డుకు తోసింది. దానిని వారు అనేక దినాలు భుజించారు, మిగిలినదాన్ని నిల్వచేసి మదీనాకు తెచ్చారు. దైవప్రవక్త (సఅసం) అడిగి మరీ అందులో కొంత తిన్నారు. అలాగే మరొక ప్రయాణంలో ఖుర్బానీ మాంసాన్ని సిద్ధపరచమని హజ్రత్ సౌబాన్ (రజి)తో ఆయన చెప్పారనీ, మదీనా చేరేవరకు ఆ మాంసమే వారికి ఆహారమైందనీ సహీహ్ ముస్లిమ్‌లో ఉన్నది. మక్కా నుండి మదీనాకు దూరం నాలుగు వందల కిలోమీటర్లకు పైమాటే. ఆ ఎడారి ఎండలో మంచుగడ్డ లేకుండానే వారు మాంసాన్ని కాపాడుకున్నారు.

మరొక హదీసు మన విషయానికి ఇంకా దగ్గరిది. బాణం తగిలి తప్పిపోయిన జంతువు మూడు రోజుల తరువాత దొరికితే, కుళ్లి వాసన రాకుండా ఉన్నంతవరకు తినవచ్చునని హజ్రత్ అబూ సాలబా (రజి)తో దైవప్రవక్త (సఅసం) అన్నారు. దీన్నిబట్టి మాంసం చెడిపోయిందా లేదా అన్నది వంటింటి ప్రశ్న మాత్రమే కాదు, ధర్మశాస్త్రం కూడా గమనించిన ప్రశ్న అని తెలుస్తున్నది.

ఇక మేనల్లుడి మొదటి ప్రశ్న. తెలియక, శక్తివంచన లేకుండా ప్రయత్నించిన తరువాత జరిగిన నష్టం వేరు, అశ్రద్ధ వల్ల జరిగిన దుబారా వేరు. మొదటిదానిలో క్షమాపణ వేడుకొని నేర్చుకోవాలి. నేర్చుకోకుండా మళ్లీ అదే చేస్తే అది రెండవ కోవలోకి వస్తుంది.

మాంసం ఎందుకు చెడుతుంది?

చాలామంది దారిలో మంచు చాలలేదనుకుంటారు. నిజానికి మాంసం ఎక్కువగా అడవిలోనే, మొదటి కొద్ది గంటలలో చెడుతుంది. సూక్ష్మజీవులు 4 డిగ్రీల నుండి 60 డిగ్రీల సెంటీగ్రేడ్ మధ్య వేగంగా పెరుగుతాయి. పెద్ద ఎల్క్ బరువు సుమారు 300 కిలోలు. అంత పెద్ద శరీరంలోని వేడి చర్మం కింద చిక్కుకొని, తొడ కీలు వద్ద ఎముకను ఆనుకొన్న మాంసాన్ని ముందుగా పాడుచేస్తుంది. కనుక పేగులు వెంటనే తీసివేయాలి, చర్మం ఒలవాలి, తొడలు, జబ్బలు విడదీసి పలుచని నూలు సంచులలో నీడన గాలికి వేలాడదీయాలి. వేడి మాంసాన్ని ప్లాస్టిక్ సంచిలో కట్టిపెట్టడమే అన్నిటికంటే పెద్ద పొరపాటు. మేనల్లుడు చేసినది సరిగ్గా ఇదే.

బరువు తగ్గితే ఖర్చు తగ్గుతుంది

పెద్ద మగ ఎల్క్ నుండి ఎముక లేని మాంసం సుమారు 80, 90 కిలోలు వస్తుంది. ఎముకలను మోసుకురావడమంటే తినని బరువుకు కిరాయి చెల్లించడమే. అక్కడే ఎముకలు తీసివేస్తే మరొక మేలు కూడా ఉంది. 1967లో కొలరాడోలో తొలిసారి గుర్తించిన క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే జింకల వ్యాధి కారణంగా మెదడు, వెన్నెముక గల భాగాలను అనేక రాష్ట్రాలు తమ సరిహద్దు దాటనివ్వవు. ఎముక తీసిన మాంసానికి సాధారణంగా ఆ అడ్డంకి ఉండదు. అయితే జంతువు ఆడదో మగదో తెలిపే గుర్తును ఒక ముక్కకు అంటిపెట్టి ఉంచాలని కొన్ని రాష్ట్రాల నియమం. కత్తి పట్టకముందే ఆ రాష్ట్రపు నియమాలు చదువుకోవాలి. లైసెన్సు, ట్యాగు కాగితాలు మాంసంతో పాటే ఉండాలి. అక్రమంగా వేటాడిన మాంసాన్ని రాష్ట్రాల మధ్య తరలించడం 1900 నాటి లేసీ చట్టం ప్రకారం కేంద్ర నేరం.

బరువు ఇంకా తగ్గించాలంటే మన పెద్దల పద్ధతే ఉంది. బక్రీద్ తరువాత మన ఇళ్లలో ఉప్పు, పసుపు పట్టించి ఎండబెట్టే తునకలనే అరబ్బులు ఖదీద్ అన్నారు. మాంసంలో దాదాపు మూడు వంతుల నీరు, ఒక వంతు తక్కిన పదార్థం ఉంటాయి. కనుక ఎండితే బరువు సుమారు మూడింట ఒక వంతుకు దిగుతుంది. ఇంట్లో యంత్రంపై ఎండబెట్టేవారు ముందుగా మాంసాన్ని 71 డిగ్రీల వరకు వేడిచేయాలని అమెరికా వ్యవసాయ శాఖ సలహా.

ఏ దారిన తేవాలి?

కారులో నలుగురు కలిసి వెళ్లివస్తే తలకు పడే ఖర్చు అన్నిటికంటే తక్కువ. బయలుదేరే ముందు దగ్గరి పట్టణంలో మాంసాన్ని ఒకటి రెండు రోజులు గడ్డకట్టించాలి. గట్టిగా గడ్డకట్టిన మాంసమే దానికి మంచు. నిండుగా ఉన్న ఫ్రీజరు తలుపు తెరవకపోతే కరెంటు లేకపోయినా సుమారు 48 గంటలు మాంసాన్ని కాపాడుతుంది. కొందరు చిన్న ఫ్రీజరును బండిలోనే పెట్టుకొని, రాత్రి బసలో కరెంటు తగిలిస్తారు.

విమానంలో ఒక సంచి బరువు సాధారణంగా 23 కిలోలు మించరాదు. బరువైన ప్లాస్టిక్ పెట్టె తానే ఏడెనిమిది కిలోలు తింటుంది. తేలికైన మెత్తని సంచి వాడితే అంత మాంసం ఎక్కువ పడుతుంది. డ్రై ఐస్ మనిషికి 2.5 కిలోలకు మించకూడదు, విమాన సంస్థ ముందస్తు అనుమతి ఉండాలి, పెట్టెపై గుర్తు వేయాలి, మూత గాలి చొరని విధంగా బిగించకూడదు. దాని నుండి వెలువడే బొగ్గుపులుసు వాయువు మూసిన కారులో ప్రాణాంతకం కాగలదు, కనుక కారులో వాడేవారు కిటికీ కొంచెం తెరచి ఉంచాలి.

వెళ్లకముందే లెక్క వేసుకోవాలి. తిరుగు ప్రయాణంలో మాంసానికయ్యే మొత్తం ఖర్చును ఇంటికి చేరే కిలోలతో భాగించండి. ఆ మొత్తం భరించలేనిదైతే కొంత అక్కడే పంచిరావడం మేలు. అక్కడ వేట మాంసాన్ని అమ్మడం సాధారణంగా చట్టవిరుద్ధం, కాని దానం చేయవచ్చు. పేదలకు వేట మాంసం చేర్చే "హంటర్స్ ఫర్ ది హంగ్రీ" వంటి కార్యక్రమాలు కొన్ని రాష్ట్రాలలో ఉన్నాయి. తినదగిన మాంసాన్ని అడవిలో వదిలేయడాన్ని పలు రాష్ట్రాల చట్టాలే నేరంగా ఎంచుతాయి. దుబారాను ఖండించే మనం ఈ విషయంలో వారికంటే వెనుకబడరాదు.

హలాల్ విషయంలో రెండు జాగ్రత్తలు

మొదటిది వేట సమయానికి సంబంధించినది. తుపాకి పేల్చేటప్పుడు బిస్మిల్లాహ్ పలకాలి. జంతువు ప్రాణంతో దొరికితే వెంటనే జబహ్ చేయాలి. గుండు దెబ్బకే చనిపోయినదాని విషయంలో పండితుల మధ్య భేదం ఉంది. ఖాజీ షౌకానీ, ఆధునికులలో యూసుఫ్ ఖర్జావీ అనుమతించారు. మన దేశపు హనఫీ ఉలమాలలో పలువురు, గుండు కోయదు, బలంతో చీల్చుతుంది అనే కారణాన, జబహ్ లేకుండా అనుమతించలేదు. తాము నమ్మే ఆలిమ్‌ను ముందే అడిగి వెళ్లడం ఉత్తమం.

రెండవది చాలామంది ఎరుగనిది. జింక మాంసంలో కొవ్వు తక్కువ. కనుక అక్కడి మాంసం కొట్టే దుకాణాలలో ఖీమా, సాసేజ్ చేసేటప్పుడు పంది కొవ్వు కలపడం మామూలు. పలువురి మాంసాన్ని ఒకే గుత్తగా రుబ్బడం కూడా ఉంది. ఇంత కష్టపడి తెచ్చిన హలాల్ మాంసం చివరి మెట్టు వద్ద హరామ్ కావచ్చును! ముక్కలుగా మాత్రమే కోయించుకోవాలి, కత్తులు, బల్ల కడిగించాలి. లేదా నలుగురు కలిసి ఒక చిన్న రుబ్బు యంత్రం కొనుక్కొని ఖీమా ఇంట్లోనే చేసుకోవాలి. ఖర్చు కూడా కలిసివస్తుంది.

ఒక మాట బంధువులకు: ఆ మాంసాన్ని సంచిలో పెట్టుకొని హైదరాబాదుకు తేవాలని ఎవరూ తలపెట్టవద్దు. పశు ఉత్పత్తుల దిగుమతికి మన ప్రభుత్వపు ప్రత్యేక అనుమతి అవసరం.

మేనల్లుడికి చివరగా ఇదే వ్రాశాను: నీ వాటా ఇంటికి ఎంత చేరిందన్నది తరువాతి ప్రశ్న. నీవు తీసిన ప్రాణం వృథా కాలేదని ముందు నిశ్చయించుకో. ఆ శ్రద్ధను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.