అరికాలిలో నల్లమచ్చ, గజ్జలో బిళ్ల

కొల్లూరు లంకల్లో పసుపు, అరటి చేలకు వెళ్లే మన సంఘస్థుల్లో చాలామంది చెప్పులు లేకుండానే తిరుగుతారు. అరికాలిలో నల్లమచ్చ కనబడితే ముల్లు విరిగిందనో, ఆనెకాయ అనో అనుకుంటాం. ఎక్కువసార్లు అది నిజమే. మెలనోమా అనే చర్మ క్యాన్సరు మనలో అరుదు. వచ్చినప్పుడు మాత్రం ఎక్కువగా అరికాళ్లలో, గోళ్ల కింద వస్తుంది. మచ్చ పెరుగుతున్నా, రసి కారుతున్నా బ్లేడుతో గీకవద్దు, పసరు కట్టవద్దు.

అరికాలి నుండి అది సాధారణంగా ముందు పాకేది గజ్జలోని లింఫు గ్రంథులకు. మచ్చ మందంగా ఉంటే, గజ్జలో బిళ్ల చేతికి తగలకపోయినా, మచ్చ దగ్గర రంగుమందు ఎక్కించి, అది మొదట చేరే గ్రంథిని తీసి పరీక్షిస్తారు. అమెరికా సర్జన్ డొనాల్డ్ మోర్టన్ బృందం 1992లో ప్రకటించిన పద్ధతి ఇది. అందులో క్యాన్సరు కణాలు కనిపిస్తే ఒకప్పుడు అక్కడి గ్రంథులన్నీ తీసేసేవారు. అలా తీయించుకున్నందువల్ల ఆయుష్షు పెరగలేదని 2017లో వెలువడిన పెద్ద పరిశోధన తేల్చింది. పైగా వారిలో నూటికి 24 మందికి కాలో చెయ్యో వాచింది. తీయనివారిలో 6 మందికే. బోదకాలు చూసిన మనకు ఆ భారం చెప్పనక్కరలేదు. అందుకే ఇప్పుడు చాలామందిని అల్ట్రాసౌండుతో కనిపెట్టి చూస్తుంటారు.

బిళ్ల చేతికి తగిలితే లెక్క వేరు. ఇంకెక్కడికీ పాకలేదని స్కానింగులో తేలితే గ్రంథులన్నీ తీసే ఆపరేషను చేస్తారు. తోడుగా ఇమ్యూనోథెరపీ మంచిదే గాని, దాని ఖరీదు కూలివారికి అందేది కాదు.

ప్రార్థన చేయించుకున్నాం గదా అని ఆపరేషను వాయిదా వేయవద్దు. గుంటూరు పెద్దాసుపత్రిలో క్యాన్సరు విభాగం ఉంది. ప్రార్థన అక్కడి మంచం దగ్గరకే వచ్చి చేస్తాం.